తండ్రి పాట, కొడుకు పియానో

జాజ్ పియానో వాద్యకారుడు హొరేస్ సిల్వర్ ఆల్బమ్ 'సాంగ్ ఫర్ మై ఫాదర్' రికార్డై అరవై ఏళ్లు దాటింది. జాజ్ గురించి ఏమీ తెలియనివాళ్లకు మొదటిసారి వినగానే నచ్చుతుంది. జాజ్‌లో తలపండినవాళ్లు ఇప్పటికీ దాన్ని తీసి వింటూనే ఉంటారు. ఈ రెండు రకాల శ్రోతలూ ఒకే రికార్డును మెచ్చడం ఆ సంగీతంలో అరుదు. కారణమేమిటంటే మామూలుగా వచ్చే జవాబు ఒకటుంది: అరవైల మొదట్లో బ్రెజిల్ బోసనోవా అమెరికాను ఊపేసింది, సిల్వర్ ఆ లయను తన పియానోకు ఎక్కించాడు, చెవికి హాయిగా ఉందని జనం ఆదరించారు. ఈ జవాబు నాకు సరిపోదు. ఆ రోజుల్లో బోసనోవా మోజులో పడి తయారైన రికార్డులు కుప్పతెప్పలుగా వచ్చాయి, వాటిలో చాలా భాగం ఇవాళ ఎవరికీ గుర్తులేవు. లయ ఒక్కటే మంత్రమైతే అవన్నీ కూడా బతికుండాలి. లాటిన్ లయను పైపూతగా పూసుకోకుండా దాని మీదే నిర్మాణం మొత్తం నిలబెట్టాడు కాబట్టి సిల్వర్ రికార్డు నిలిచిందని నా వాదన. అలా నిలబెట్టగలగడానికి కారణం, ఆ సంగీతం అతని ఇంట్లో చిన్ననాటి నుంచీ ఉండటమే.

సిల్వర్ 1928లో కనెటికట్ రాష్ట్రంలోని నార్వాక్‌లో పుట్టాడు. తండ్రి జాన్ టవారెస్ సిల్వా కేప్ వెర్డే దీవుల్లోని మైయో నుంచి వలస వచ్చినవాడు. అమెరికా చేరాక సిల్వా కాస్తా సిల్వర్ అయింది. ఆయన రబ్బరు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. వయొలిన్, గిటార్, మాండొలిన్ మూడూ వాయించేవాడు, మూడూ విని పట్టుకున్నవే. ఆ దీవుల నుంచి వచ్చిన స్నేహితులు వాద్యాలు పట్టుకుని ఇంటికి వస్తే వంటగదిలోనే పాటలు, ఆటలు సాగేవి. పశ్చిమ ఆఫ్రికా తీరానికి దూరంగా అట్లాంటిక్‌లో ఉన్న కేప్ వెర్డే 1975 దాకా పోర్చుగల్ వలస. బ్రెజిల్ కూడా ఒకప్పుడు పోర్చుగల్ ఏలుబడిలోనిదే. ఆఫ్రికా నుంచి బలవంతాన తెచ్చిన మనుషుల లయ, పోర్చుగీసు పాటల్లోని దిగులు ఈ రెండుచోట్లా కలిసిపోయాయి. తిమింగలాల వేట ఓడలెక్కి అమెరికా ఈశాన్య తీరానికి చేరిన కేప్ వెర్డే జనం ఆ పాటలను వెంట తెచ్చుకున్నారు. అంటే బోసనోవా అమెరికాకు ఫ్యాషన్‌గా రాకముందే, దాని దూరపు చుట్టం ఒకటి నార్వాక్‌లో ఒక కార్మికుడి వంటింట్లో వినబడుతూ ఉండేది.

1964 తొలి నెలల్లో సిల్వర్ బ్రెజిల్ వెళ్లాడు. అక్కడి లయ అతన్ని పట్టేసింది. తిరిగొచ్చాక ఆ నడకలో ఒక బాణీ కట్టబోయాడు. తీరా కట్టాక చూస్తే అది బ్రెజిల్ బాణీల కంటే తన తండ్రి వాయించే పాటలకు దగ్గరగా ఉన్నట్టు తోచిందని ఆయనే తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. కేప్ వెర్డే పాటలను జాజ్‌లోకి తీసుకురమ్మని తండ్రి ఎన్నాళ్లుగానో అడుగుతున్నా కొడుకు పట్టించుకోలేదు. బ్రెజిల్ దాకా వెళ్లొస్తే గాని ఇంటి పాట చెవికెక్కలేదు. ఆ బాణీకి 'సాంగ్ ఫర్ మై ఫాదర్' అని పేరు పెట్టాడు. ఆల్బమ్ అట్ట మీద తన బొమ్మకు బదులు, టోపీ పెట్టుకుని నోట్లో చుట్టతో కూర్చున్న తండ్రి ఫొటో వేయించాడు. ఈ రికార్డు విడుదల చేసిన బ్లూ నోట్ కంపెనీ అట్టల మీద సాధారణంగా వాద్యగాళ్లే కనిపిస్తారు. ఒక ఫ్యాక్టరీ కార్మికుడి ముఖం అక్కడ ఉండటం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది.

ఈ కథ విన్నాక ఎవరైనా ఒక అభ్యంతరం చెప్పవచ్చు. ఇదంతా తర్వాత అల్లుకున్న మురిపెం, మార్కెట్లో బోసనోవా గిరాకీ చూసే సిల్వర్ అటు మళ్లాడు అని. స్టాన్ గెట్జ్, చార్లీ బర్డ్‌ల 'జాజ్ సాంబా' 1962లో వచ్చి విపరీతంగా అమ్ముడైన మాట నిజమే. 'గెట్జ్/జిల్‌బెర్టో' 1964లో మార్కెట్లోకి వచ్చింది, మరుసటి ఏడు గ్రామీ అందుకుంది. గిరాకీ ఉంది, కాదనలేం. అయితే తేదీలు చూడండి. సిల్వర్ 'సెన్యోర్ బ్లూస్' రికార్డు చేసింది 1956లో. అందులో బ్లూస్‌ను లాటిన్ నడకలో నడిపించాడు. బ్రెజిల్‌లోనే బోసనోవాకు పేరు తెచ్చిన రికార్డులు వచ్చింది దాని తర్వాత 1958లో. సిల్వర్ చేతిలో ఆ మొగ్గు ఫ్యాషన్ కంటే ముందునుంచే ఉంది. మరీ వెనక్కి పోతే, జాజ్ పుట్టుకలోనే స్పానిష్ వాసన కలిసి ఉందని న్యూ ఓర్లీన్స్ పియానో దిగ్గజం జెల్లీ రోల్ మోర్టన్ 1938లోనే జానపద సంగీత సేకర్త అలన్ లోమాక్స్‌కు చెప్పాడు. కాబట్టి లాటిన్ లయ జాజ్‌లోకి బయటి నుంచి అరువు తెచ్చిన సరుకు అనే లెక్కే మొదట్లోనే తప్పు.

ఇక పాట దగ్గరికి వద్దాం. మొదట బాస్, పియానో ఎడమ చేయి కలిసి ఒక చిన్న నడక పట్టుకుంటాయి. ఎఫ్ మైనర్‌లో ఆధార స్వరం, దాని పంచమం, మళ్లీ ఆధార స్వరం, అంతే. ఆ నడక మీద ట్రంపెట్, టెనర్ సాక్సాఫోన్ కలిసి బాణీ అందుకుంటాయి. బాణీలో ఒక్కో పలుకు చిన్నది. పలుకు అయ్యాక ఊపిరి తీసుకునే జాగా ఉంటుంది, ఆ జాగాలో కింది నడక మళ్లీ బయటపడుతుంది. కార్డుల (స్వరగుచ్ఛాల) వరుస ఎఫ్ మైనర్ నుంచి ఈ ఫ్లాట్‌కు, అక్కణ్ణుంచి డి ఫ్లాట్‌కు, సి కి మెట్టు తర్వాత మెట్టుగా దిగి మళ్లీ ఇంటికి చేరుతుంది. స్పెయిన్, పోర్చుగల్ పాటల్లో తరచూ వినబడే దిగుడు ఇది. పాటకు ఉన్న ఆ సన్నటి దిగులు ఇక్కణ్ణుంచే వస్తుంది. ఎనిమిదేసి బార్ల మూడు భాగాలు, మొదటి రెండూ ఒకటే, మూడోది వేరు. మొత్తం 24 బార్లు. మూడో భాగంలో వాద్యాలన్నీ ఒక్కసారిగా ఆగి, మళ్లీ ఒక్కసారిగా కదులుతాయి. ఆ ఆగడం దగ్గర కాలు ఆడించని శ్రోత ఉండడు. తాళం వేసుకుంటూ వినే అలవాటున్న తెలుగు శ్రోతకు ఈ ఆవర్తనం రెండోసారికే చేతికి చిక్కుతుంది.

ఇంత సులువైనది గొప్పదెలా అవుతుందన్నది ఈ రికార్డు మీద ఎప్పటినుంచో ఉన్న గట్టి ఆక్షేపణ. పైగా అది వచ్చిన కాలం మామూలుది కాదు. ఈ పాట 1964 అక్టోబరు 26న న్యూజెర్సీలో ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లోని రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో రికార్డైంది. నెలన్నర తిరిగేసరికి డిసెంబరు 9న అదే స్టూడియోలో జాన్ కోల్ట్రేన్ 'ఎ లవ్ సుప్రీమ్' రికార్డు చేశాడు. ఒకడు జాజ్‌ను దేవుడి దగ్గరికి తీసుకెళ్తుంటే ఇంకొకడు కాలు కదిపే పాట కట్టాడని పోల్చి తక్కువ చేసినవాళ్లున్నారు. ఆ పోలిక నాకు అన్యాయంగా కనిపిస్తుంది. జాజ్‌లో అసలు పరీక్ష బాణీలో ఉండదు, బాణీ అయ్యాక సాగే మనోధర్మంలో ఉంటుంది. కింది నడక ఎంత స్థిరంగా, ఎంత తేటగా ఉంటే, పైన వాయించేవాడి ప్రతి తడబాటూ అంతగా బయటపడుతుంది. కార్డులు క్షణానికొకటి మారే పాటలో వాటిని అనుసరించి పరిగెత్తడమే ఒక ఘనకార్యంగా చెలామణి అయిపోతుంది. ఇక్కడ ఆ దాపు లేదు. చెప్పడానికి నిజంగా మాట ఉండాలి.

జో హెండర్సన్ టెనర్ సోలో ఆ పరీక్షకు ఇచ్చిన జవాబు. పియానో సోలో ముగిశాక అతను మెల్లగా, దాదాపు మాట్లాడుతున్నట్టుగా మొదలుపెడతాడు. చిన్న పలుకు పట్టుకుని తిప్పి చూస్తాడు, పక్కకు జరుపుతాడు, కాస్త పైకి లేపుతాడు. ఆవర్తనం ఆవర్తనానికీ గొంతు పెరుగుతుంది. వెనక సిల్వర్ ఊరుకోడు. కుదుపు కుదుపుగా కార్డులు విసురుతూ, తోస్తూ, ఇంకా చెప్పమని బలవంతపెడుతున్నట్టే వాయిస్తాడు. అప్పటికి ఇరవై ఏళ్లున్న డ్రమ్మర్ రోజర్ హంఫ్రీస్ బోసనోవా నడక వదలకుండానే దెబ్బలో బరువు పెంచుకుంటూ పోతాడు. హెండర్సన్ చివరికి సాక్సాఫోన్‌ను గరగరలాడించే చోటుకు చేరతాడు. అయినా కింది రెండు స్వరాల నడక చెక్కుచెదరదు. సిల్వర్ సోలోలో కూడా వేగం చూపించాలన్న తాపత్రయం ఉండదు. బ్లూస్ ముక్కలు, మళ్లీ మళ్లీ వచ్చే చిన్న పలుకులు, ఎడమ చేత్తో పియానో అడుగు స్వరాల మీద కొట్టే మొరటు దెబ్బలు. అతను పియానోను డ్రమ్ములా వాడాడని పాతవాళ్లు అనేది ఊరికే కాదు. ఈ ఏడు నిమిషాల్లో మిగులూ లేదు, తరుగూ లేదు.

లాటిన్ సంగీతం లోతుగా తెలిసినవాళ్ల ఆక్షేపణ ఇంకోటి: ఇందులో కాంగా లేదు, టింబాలీస్ లేవు, క్యూబా వాళ్ల క్రమశిక్షణ లేదు, ఒక డ్రమ్ సెట్టుతో సరిపెట్టారు, కాబట్టి ఇది అసలు లాటిన్ జాజ్ కాదని. 1947లో డిజ్జీ గిలెస్పీ, క్యూబా నుంచి వచ్చిన చానో పోసో కలిసి చేసిన 'మాంటెకా' పక్కన పెట్టి వింటే వాళ్ల మాటలో నిజం కనిపిస్తుంది. కానీ సిల్వర్ క్యూబా సంగీతం చేస్తున్నానని ఎన్నడూ అనలేదు. జాజ్ వాయిస్తూనే తన ఇంటి పాట నడకను దానికి ఇచ్చాడు. ఎంత తీసుకోవాలో, ఎక్కడ ఆగాలో అతనికి తెలుసు. ఆ నిగ్రహాన్ని లోపంగా లెక్కకట్టడం నాకు సరిగా అనిపించదు.

ఆల్బమ్‌లో ఒప్పుకోవలసిన లోపాలు వేరే ఉన్నాయి. ఇది ఒకే బృందం ఒకే ఊపులో చేసిన పని కాదు. ఆరు పాటల్లో నాలుగు 1964 బృందానివి, రెండు అంతకుముందు 1963 అక్టోబరులో పాత బృందంతో చేసినవి. ఆ అతుకు తెలుస్తుంది. 'కలకత్తా క్యూటీ' పేరు చూసి భారతీయ సంగీతం ఆశించిన మనవాళ్లకు నిరాశే. కలకత్తా అందులో పేరుకే ఉంది. 'ది నేటివ్స్ ఆర్ రెస్ట్‌లెస్ టునైట్' అన్న పేరు పాత హాలీవుడ్ సాహసాల సినిమాల్లో తెల్ల దొరలు అడవి జనం గురించి అనే మాట. తండ్రి ఊరి పాటను అంత ప్రేమగా పట్టుకున్న మనిషి ఇతరుల ఊళ్ల దగ్గరికొచ్చేసరికి బజారు పేర్లతో సరిపెట్టుకున్నాడు. ఈ తేడా నా వాదననే బలపరుస్తుంది. లోపలి నుంచి వచ్చినచోట సంగీతం లోతుగా ఉంది, దూరపు రంగు అద్దబోయినచోట పలచబడింది. అయితే ఒక్క పాట తప్ప మిగతాదంతా పూరకమే అనడం మాత్రం పొరపాటు. 'కే పాసా'లో అదే దిగులు ఇంకా చీకటిగా, ఇంకా నిదానంగా కదులుతుంది. హెండర్సన్ రాసిన 'ది కిక్కర్' నిప్పురవ్వలా ఎగురుతుంది. చివర వచ్చే 'లోన్లీ ఉమన్' పియానో, బాస్, డ్రమ్స్ మాత్రమే ఉన్న ముక్క. గట్టిగా వాయించే సిల్వర్ ఎంత మెత్తగా వాయించగలడో తెలుసుకోవాలంటే అదే వినాలి.

ఈ బాణీ బలం ఏపాటిదో ఇతరులు వాడుకున్న తీరే చెబుతుంది. 1974లో స్టీలీ డ్యాన్ బృందం 'రిక్కీ డోంట్ లూజ్ దట్ నంబర్' పాటను ఈ బాస్ నడకతోనే మొదలుపెట్టింది. అది అమెరికా పాప్ పట్టికలో నాలుగో స్థానం దాకా వెళ్లింది. ఆ పాట పాడుకున్న లక్షలమందిలో చాలామందికి సిల్వర్ పేరు తెలిసి ఉండదు, ఆ నడక మాత్రం చెవుల్లో ఉండిపోయింది. సిల్వర్ కూడా దొరికిన దారిని వదల్లేదు. 1965లో 'ది కేప్ వెర్డియన్ బ్లూస్' పేరుతో ఇంకో ఆల్బమ్ రికార్డు చేసి, అంతవరకు సగమే పలికిన ఊరి పేరును అట్ట మీదికి ఎక్కించాడు. గిరాకీ కోసం అటు మళ్లినవాడైతే బోసనోవా మోజు తగ్గుతున్న వేళ జనానికి అంతగా తెలియని దీవుల పేరు పెట్టుకోడు. 2014లో ఆయన పోయినప్పుడు కూడా వార్తల్లో అందరూ మొదట తలచుకున్నది తండ్రి పేరిట కట్టిన ఆ పాటనే.

ఇప్పుడు ఈ సంగీతం ఫోన్‌లో వెతికితే క్షణంలో దొరుకుతుంది. దొరికేది ఎక్కువగా మొదటి పాట ఒక్కటే, అదీ కాఫీ హోటల్ నేపథ్య సంగీతం అనే జాబితాల మధ్య. అక్కడ ఆగిపోకండి. ఆరు పాటలూ పాత రికార్డు వరుసలోనే, 'లోన్లీ ఉమన్' దాకా, ఇంకో పని పెట్టుకోకుండా ఒకసారి వినండి. మొత్తం నలభై రెండు నిమిషాలు.