అప్పు మనది కాదు, సహోదరుడు మనవాడే



చెన్నేకొత్తపల్లిలో పొలానికి బయలుదేరిన ఒకరికి ఫోన్ వస్తుంది. "ఫలానా ఆయన మీకు తెలుసా? మా బాకీ ఎగ్గొట్టాడు. మీరైనా కట్టండి." ఇలాంటి ఫోన్లు నేడు ఎందరికో వస్తున్నాయి. 2022 జులైలో నెల్లూరులో అప్పటి మంత్రి కాకాణి గోవర్ధన్ రెడ్డికీ, మాజీ మంత్రి అనిల్ కుమార్ యాదవ్‌కూ వేరొకరి అప్పు గురించి రికవరీ ఏజెంట్లు ఫోన్లు చేశారు. పోలీసులు కొందరిని అరెస్టు చేశారు. మంత్రులనే వదలనివారు సామాన్యులను వదులుతారా?

మొదట భయం విడిచిపెట్టండి. జామీను సంతకం చేయనివారు ఆ అప్పుకు బాధ్యులు కారు. బంధువైనా, స్నేహితుడైనా, మీ నంబరు ఆయన ఫోనులో ఉన్నా అంతే. సంతకం చేసి ఉంటే మాత్రం వేరే మాట. 1872 నాటి ఒప్పంద చట్టం ప్రకారం జామీనుదారుకు సాధారణంగా అప్పు తీసుకున్నవానితో సమానమైన బాధ్యత ఉంటుంది. పూటబడుట గురించి సామెతల గ్రంథం హెచ్చరించింది ఇందుకే.

రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టు 12న స్పష్టంగా చెప్పింది: ఏజెంట్లు బెదిరించకూడదు, అప్పు తీసుకున్నవారి కుటుంబీకుల, స్నేహితుల జోలికి వెళ్లి అవమానపరచకూడదు. ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత అప్పు తీసుకున్నవారికి కూడా ఫోన్ చేయకూడదు. అదే సంవత్సరం సెప్టెంబరులో, అప్పు యాప్‌లు ఫోనులోని నంబర్ల జాబితాను తీసుకోకూడదని కూడా ఆదేశించింది.

కాబట్టి ఫోన్ వస్తే ఏజెంటు పేరు, సంస్థ పేరు అడిగి రాసుకోండి. "నేను జామీను లేను, ఇక ఫోన్ చేయవద్దు" అని ఒక్కసారి చెప్పండి. ఆధార్, ఓటీపీ ఇవ్వకండి, లింకు నొక్కకండి, పరువు కోసమని ఒక్క రూపాయి కూడా పంపకండి. మెసేజీలు చెరిపివేయకండి. సంస్థకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించండి. బెదిరించినా, ఫొటోలు మార్చి పంపినా వెంటనే పోలీస్ స్టేషనుకు వెళ్లండి.

చివరిగా సంఘానికి ఒక మాట. ఆ ఏజెంటుకు కావలసింది మన నోటి ద్వారా ఆ వార్త ఊరంతా పాకడమే. సంఘపు వాట్సాప్ గ్రూపులో దాన్ని పెట్టినవాడు తెలియకుండానే అతని పని చేసిపెట్టినట్టు. 2020 చివర్లో తెలంగాణలో అప్పు యాప్‌ల వేధింపులకు కొందరు ప్రాణాలు తీసుకున్నారు. వారిని కుంగదీసింది బాకీ ఒక్కటే కాదు, నలుగురిలో పోయిన పరువు.

ఒనేసిము అప్పును తన లెక్కలో వేసుకొమ్మని పౌలు ఫిలేమోనుకు రాశాడు. అది ప్రేమతో ఇష్టపూర్వకంగా ఎత్తుకున్న భారం, ఎవరూ బెదిరించి మోపింది కాదు. ఏజెంటుకు "కాదు" అని చెప్పిన సాయంత్రమే ఆ సహోదరుని ఇంటికి వెళ్లండి. తలుపు దగ్గరగా వేసి, "ఎంత కష్టంలో ఉన్నావు?" అని అడగండి.