నవ్వాం, మొక్కాం, పరీక్షించలేదు

రాయ్‌పూర్ శివారులో ఫ్యాక్టరీలూ గోదాములూ నిండిన భన్‌పురిలో ఉండి రాస్తున్న మాట ఇది. ఛత్తీస్‌గఢ్ అడవుల్లోనూ, మన తెలుగు అడవుల్లోనూ కొడిశపాల చెట్టు ఒకటే. ఆకు తుంచితే పాలు కారతాయి, బెరడు నోట పెడితే గొంతు దాకా చేదు. రక్త విరేచనాలకు ఆ బెరడు కషాయం తరతరాల వాడుక. అందులోని కొనెసిన్ అనే ఆల్కలాయిడ్‌ను పందొమ్మిదో శతాబ్దంలోనే వేరుచేశారు.

మరి మనమేం చేశాం? చదువుకున్నవాళ్లలో కొందరం నాటువైద్యమని నవ్వాం. కొందరం సర్వరోగ నివారిణి అని మొక్కాం. ఏ సూక్ష్మజీవి మీద, ఎంత మోతాదులో, కాలేయానికి హాని లేకుండా పనిచేస్తుందో తేల్చమని గట్టిగా అడగలేదు. అడిగిన కొద్దిమంది వెనకా నిలబడలేదు.

అడిగితే ఏం తెలుస్తుందో బెర్బెరిన్ చెబుతుంది. మానుపసుపులో ఉండే ఈ పసుపుపచ్చ పదార్థాన్ని స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా తన కణంలోని పంపులతో బయటికి తోసేస్తుంది. అయితే బెర్బెరిన్ ఉండే కొన్ని మొక్కల్లోనే ఆ పంపును అడ్డుకునే మరో పదార్థం కూడా ఉందని 2000లో అమెరికా పరిశోధకులు చూపారు. ఒక్కదాన్నే వేరుచేసి, పస లేదని పక్కన పెడితే ఆ రెండోది మన కంటబడదు.

చేతిలో ఉన్న మందులనైనా కాపాడుకున్నామా? ఎల్లాప్రగడ సుబ్బారావు సారథ్యంలోని లెడర్లే కంపెనీ పరిశోధకులు 1948లో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను తెచ్చారని గర్వపడతాం. కానీ 2007లో హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీల ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. చికిత్స పొందే రోగి రక్తంలో కూడా అంత ఉండదు. సూక్ష్మజీవులు మొండికెత్తే చోటును మనమే తయారుచేశాం. చీటీ లేకుండా మాత్రలు కొని, జ్వరం తగ్గగానే మానేసి, ఇంట్లోనూ అదే పని చేశాం.

1995లో పసుపుపై అమెరికా పేటెంటు ఇచ్చినప్పుడు మండిపడ్డాం, 1997లో రద్దయితే పండగ చేసుకున్నాం. అడవి వైద్యుడి దగ్గర మందు తెలుసుకుని, అతని పేరు ఎక్కడా రాయనిది మాత్రం మనవాళ్లే. మందిచ్చే చెట్టునూ పట్టించుకోలేదు. బెరడు ఒక పక్క సన్నగా తీస్తే చెట్టు మాన్చుకుంటుంది, చుట్టూ వలిస్తే ఎండిపోతుంది. కిలోల లెక్కన కొన్న మనం ఎలా వలిచారని అడగలేదు.

చెప్పినవాడి పేరుతో నమోదు, మోతాదుకు కొలత, చెట్టు బతికేలా సేకరణ. ఈ మూడింటికీ కావలసిన చదువు, ప్రయోగశాలలు, డబ్బు మన దగ్గర ఉన్నాయి. తెలియక చేయలేదని చెప్పుకునే హక్కు మనకు లేదు.