రైతు కంపెనీ వెబ్‌సైటు ఎవరి కోసం?

పదివేల రైతు ఉత్పత్తిదారుల సంఘాలను ఏర్పాటు చేస్తామని కేంద్ర ప్రభుత్వం 2020లో 6,865 కోట్ల రూపాయలతో పథకం తెచ్చింది. ఆ తర్వాత మన జిల్లాల్లోనూ రైతు కంపెనీలు పెరిగాయి. కొన్ని సొంత వెబ్‌సైట్లు పెట్టుకున్నాయి. మంచిదే. కానీ తెరిచి చూస్తే ప్రారంభోత్సవం ఫొటోలు, శాలువా సన్మానాలు, డైరెక్టర్ల జాబితా కనిపిస్తాయి. సరుకు ఉందో లేదో, ధర ఎంతో, ఎవరికి ఫోన్ చేయాలో కనిపించదు. తనిఖీకి వచ్చే అధికారికి చూపించడానికి అది సరిపోతుందేమో గానీ, కొనడానికి వచ్చినవారు మాత్రం వెనక్కి వెళ్లిపోతారు.

బంగినపల్లి మామిడినే తీసుకుందాం. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ పండు పేరు తెలియనివారు తక్కువ. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్న కుటుంబం అడిగేవి నాలుగే ప్రశ్నలు. కాయ ఇప్పుడు ఉందా? పెట్టెలో ఎన్ని కిలోలు, రవాణాతో కలిపి ఎంత? ఎన్ని రోజుల్లో ఇంటికి చేరుతుంది? కార్బైడ్‌తో పండించారా? ఈ నాలుగింటికీ మొదటి పేజీలోనే జవాబు ఉండాలి. కాల్షియం కార్బైడ్‌తో మాగబెట్టడం నిషేధం. ఇథిలీన్ వాయువును 100 పీపీఎం వరకు వాడడానికి అనుమతి ఉంది. మనం ఏ పద్ధతిలో మాగబెడుతున్నామో రెండు వాక్యాల్లో రాసి, ఆ గది ఫొటో పెడితే చాలు. కొనేవారి అనుమానం అక్కడే తీరుతుంది. ఆహార భద్రతా లైసెన్సు నంబరు కూడా కళ్లకు కనిపించేచోట ఉండాలి.

టోకు వ్యాపారి అడిగేవి వేరు. 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిన తాండూరు కందులు కొనడానికి వచ్చిన మిల్లరుకు ఎన్ని క్వింటాళ్లున్నాయి, తేమ శాతం ఎంత, గ్రేడింగ్ చేశారా, గోదాము నుంచి ఎప్పుడు ఎత్తుకోవచ్చు అన్నవి కావాలి. ఆయన కోసం వేరే పేజీ పెట్టాలి. ధర రోజూ మారే సరుకైతే ధర పక్కన తేదీ వేయాలి. నిరుటి ధర ఈ ఏడాదీ అలాగే కనిపిస్తే మన మాట ఎవరూ నమ్మరు. సరుకు అయిపోతే అయిపోయిందని రాయాలి. మళ్లీ ఏ నెలలో వస్తుందో చెప్పాలి.

ఇంకో మాట. చాలామంది చూసేది ఫోనులో. పెద్ద పెద్ద ఫొటోలతో పేజీ తెరుచుకోవడం ఆలస్యమైతే ఆగరు. తెలుగుతోపాటు ఇంగ్లీషు, హిందీ ఉంటే బయటి రాష్ట్రాల వ్యాపారులకూ అర్థమవుతుంది.

అమ్మడంతో పని అయిపోదు. పండ్లు నలిగి చేరితే ఏం చేస్తామో ముందే రాసి ఉంచాలి. ఆన్‌లైన్ అమ్మకాలపై 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. చట్టం అడిగింది కాబట్టే చేయనక్కర్లేదు. ఒకసారి కొన్న ఇల్లు వచ్చే సీజనుకు మళ్లీ మన దగ్గరే కొనాలంటే ఇదే దారి.

ఇదంతా ఎవరు చూడాలి? వెబ్‌సైటు తయారుచేసి ఇచ్చినవారు మన సరుకు సంగతి చూడరు. సభ్యుల కుటుంబాల్లో చదువుకున్న అమ్మాయికో అబ్బాయికో ఆ పని అప్పగించి, గౌరవ వేతనం ఇవ్వాలి. వెబ్‌సైటు చిరునామా కంపెనీ పేరునే నమోదు కావాలి. పాస్‌వర్డులు కంపెనీ దగ్గరే ఉండాలి. లేకపోతే తయారుచేసినవారితో తగాదా వచ్చిన రోజు మన అంగడి తాళం వాళ్ల చేతిలో ఉంటుంది.

ఇక ప్రభుత్వం వంతు. ఈ పథకం కింద ఒక్కో సంఘానికి నిర్వహణ ఖర్చులకు 18 లక్షల రూపాయల వరకు ఇచ్చేది మూడేళ్లకే. కొనేవారి నమ్మకం సంపాదించడానికి అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది. చురుకుగా అమ్మకాలు చేస్తున్న సంఘాలకైనా ఆ సాయం పొడిగించాలి. ప్యాకింగ్, శీతల గిడ్డంగి, రవాణా సదుపాయం లేకుండా వెబ్‌సైటు ఒక్కటే ఇచ్చి చేతులు దులుపుకుంటే ప్రయోజనం లేదు.

వెబ్‌సైటు వచ్చింది కదా, ఇక మద్దతు ధర ఎందుకు, కొనుగోలు కేంద్రాలు ఎందుకు అనేవారు రేపు తప్పకుండా వస్తారు. వారికి మన జవాబు స్పష్టంగా ఉండాలి. వరి, పత్తి, మొక్కజొన్న పండించే లక్షలాది రైతులు పెట్టెల్లో పెట్టి ఇంటింటికీ పంపలేరు. మద్దతు ధరకు చట్టబద్ధత కోసం పోరాటం ఆగదు. నేరుగా అమ్ముకోగలిగిన సరుకులో మధ్యవర్తి వాటా తగ్గించుకోవడం ఆ పోరాటానికి అడ్డు కాదు.

వచ్చే సర్వసభ్య సమావేశంలో ప్రతి రైతు కంపెనీ సభ్యులూ తమ వెబ్‌సైటును ఫోనులో తెరిచి చూడండి. కిలో సరుకు కొనాలంటే ఎలాగో రెండు నిమిషాల్లో తెలుస్తోందా? తెలియకపోతే అక్కడే డైరెక్టర్లను అడగండి. కంపెనీ మన వాటా సొమ్ముతో నడుస్తోంది. అడిగే హక్కు మనది.