‘వరకు’ అన్న మాటలో మర్మం

చీరల దుకాణం ముందు ‘50 శాతం వరకు తగ్గింపు’ అన్న బోర్డు కనిపిస్తే మనలో ఎవరూ మోసపోరు. ఏ మూలనో రంగు వెలిసిన నాలుగు చీరలకు యాభై, మిగతా కొట్టంతటికీ అయిదో, పదో. అయినా లోపలికి వెళ్తాం, అది వేరే సంగతి! మరి ‘100 ఎంబీపీఎస్ వరకు’ అని రాసిన కాగితం మీద సంతకం పెట్టి, నెలనెలా డబ్బు కడుతున్న ఇల్లాళ్లలో ఆ ‘వరకు’ ఎంతవరకో కొలిచి చూసినవాళ్లు ఎంతమంది?

కొలవటం మనకు రాని విద్యా? గ్యాస్ బండ వస్తే తూకం వేయించి మరీ దింపించుకుంటాం. పాలు పల్చనయితే మర్నాడు పొద్దున్నే నిలదీస్తాం. ఒక్క ఇంటర్నెట్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘అది మగవాళ్ల వ్యవహారం’ అని ఎవరు తీర్మానించారో నాకు అర్థం కాదు.

మాది ఆదిలాబాద్ జిల్లా ఇచ్చోడ. నాగపూర్ పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీది ఊరు. చుట్టూ పత్తి చేలు. రైతు పత్తి అమ్మబోతే ముందుగా బయటికి వచ్చేది తేమ కొలిచే మిషను. సీసీఐ లెక్కలో తేమ 8 శాతం దాటితే దాటినకొద్దీ ధరలో కోత. 12 దాటితే అసలు కొననే కొనరు. రాత్రి మంచు కురిసిందయ్యా అంటే వినేవాడు లేడు. ‘నా పత్తిలో తేమ ఎనిమిది వరకు వుండొచ్చు’ అని రైతు చెప్పి చూడమనండి! మనం అమ్మేదానికి శాతాల లెక్క, మనకు అమ్మేదానికి ‘వరకు’ల లెక్కానా? ఇదెక్కడి న్యాయమండీ?

ఈ మాట అంటే ఒక జవాబు సిద్ధంగా వుంటుంది. ‘మీ సీరియళ్లు వస్తున్నాయిగా, స్పీడుల గోల మీకెందుకు?’ అని. సీరియల్ మాట అలా వుంచండి. 2020లో బళ్లు మూతపడి, సెప్టెంబరు 1 నుంచి మన రాష్ట్రంలో దూరదర్శన్ యాదగిరిలోనూ, టీ-శాట్‌లోనూ పాఠాలు మొదలయ్యాయి. ప్రైవేటు బళ్ల పాఠాలు ఫోన్లలోకి వచ్చాయి. బొమ్మ మధ్యలో బిగుసుకుపోతే బిక్కమొహం వేసిన పిల్ల పక్కన కూర్చున్నది అమ్మే కదా! ఇవాళ ఇంట్లో కూర్చుని ఉద్యోగాలు చేస్తున్న కోడళ్లున్నారు, ట్యూషన్లు చెప్పే అమ్మాయిలున్నారు. నెట్ నిలిచిపోతే వాళ్లకు పోయేది కాలక్షేపం కాదు, సంపాదన.

ప్రభుత్వం చూసుకుంటుందిలే అనుకుంటారా? ఎంత వేగం వుంటే దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనొచ్చో ప్రభుత్వం నిర్వచించింది. 2004లో 256 కేబీపీఎస్ చాలన్నారు. 2023 జనవరిలో దాన్ని 2 ఎంబీపీఎస్‌కు పెంచారు. వందకు డబ్బు కట్టిన ఇంట్లో మూడు వస్తున్నా పేరుకు అది బ్రాడ్‌బ్యాండే!

నేను చదివింది బి.ఏ. లెక్కలంటే పెద్ద ప్రేమ లేదు. అయినా ఈ లెక్క కష్టమేమీ కాదు. ఎంబీపీఎస్‌లో వున్నది బిట్లు. మనం దింపుకునే సినిమా, ఫోటో వుండేవి బైట్లలో. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. కాబట్టి వంద వేగమంటే సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లే. ఇది మోసం కాదు, ప్రపంచమంతా ఇదే లెక్క. కాని అమ్మేటప్పుడు ఈ ముక్క విడమరిచి చెప్పిన పుణ్యాత్ముడు నాకింకా తారసపడలేదు.

కొలిచే సాధనాలు ఉచితం. ట్రాయ్ వాళ్లు 2016లో తెచ్చిన మైస్పీడ్ వుంది, ఊక్లా వాళ్ల స్పీడ్‌టెస్ట్ వుంది, నెట్‌ఫ్లిక్స్ వాళ్ల ఫాస్ట్ డాట్ కామ్ వుంది. ఒక్కదాన్నే నమ్మకండి. స్పీడ్‌టెస్ట్ సాధారణంగా దగ్గరి సర్వరును ఎంచుకుంటుంది. అది చాలాసార్లు కంపెనీ సొంత సర్వరే అవుతుంది. కంపెనీ గుమ్మం వరకు రోడ్డు బాగుంటే సరిపోతుందా? అందుకే ఇంకోదాంతో పోల్చాలి. తెల్లవారి అయిదింటికి ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి చూడండి. పొద్దున తొంభై, రాత్రి పన్నెండు వస్తే రోగం మీ ఇంట్లో లేదు, వీధివీధంతా ఒక్క గొట్టానికి తగిలించిన చోట వుంది. దింపుకునే వేగమే కాక పంపే వేగం కూడా చూడాలి, వీడియోలో మన మొహం అవతలికి చేరేది దానితోనే. పింగ్ అని ఇంకోటుంది. పోయిన కబురుకి జవాబు వచ్చే వ్యవధి అది. ఇచ్చోడ నుంచి హైదరాబాద్ పోయి రావటానికి తీగలో వెలుతురుకి మూడు మిల్లీసెకన్లు చాలు. మధ్య మజిలీలకు ఇంకో ఇరవై వేసుకోండి. నూట యాభై చూపిస్తే ‘మీది దూరం కదక్కా’ అనే మాట ఒప్పుకోవద్దు.

ఇక మన ఇళ్లలోని రాజకీయం. ఆ పెట్టెను ఎక్కడ బిగిస్తారు? హాల్లో, టీవీ మీద. పడక్కుర్చీకి ఎదురుగా. అమ్మాయి చదువుకునేది వెనక గదిలో, మనం వుండేది వంటింట్లో. మధ్యన రెండు గోడలు, ఒక బీరువా. అయిదు గిగాహెర్ట్జ్ తరంగాలకు వేగం ఎక్కువేగాని గోడలు దాటే ఓపిక తక్కువ. రెండు పాయింటు నాలుగుకి ఓపిక వుంది, వేగం లేదు. బిల్లు ఇంటిల్లిపాదిదీ, వేగం మాత్రం హాలుదా? పెట్టెను నడవాలోకి జరపండి అంటే ‘గోడకు మళ్లీ రంధ్రమా’ అని దీర్ఘాలు తీస్తారు. రంధ్రం పడనివ్వండి!

పోట్లాటకు దిగేముందు మాత్రం ఒకటి చెయ్యాలి. లాప్‌టాప్‌ను తీగతో నేరుగా పెట్టెకు కలిపి, మిగతా ఫోన్లన్నీ ఆపి కొలవండి. అక్కడ వేగం సరిగ్గా వుంటే తప్పు మన గోడలది. అక్కడా లేకపోతే ఆ అంకె, తేదీ, గంట పాల లెక్క రాసుకునే క్యాలెండరు మీదే రాయండి. కుర్రాడు వస్తాడు. ‘పైకెళ్లే స్లో ఉన్నదక్కా, మీ ఫోన్ గూడ పాతదే’ అంటాడు. పాపం వాడి చేతుల్లో ఏముంది? వాడి మీద అరవకండి. ‘మంచిది తమ్ముడూ, ఫిర్యాదు నంబరు రాసిచ్చిపో’ అనండి. 2012 నాటి ట్రాయ్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు నంబరు ఇచ్చి తీరాలి. పరిష్కారం నచ్చకపోతే ముప్పై రోజుల్లోగా కంపెనీలోనే వుండే అప్పీలు అధికారికి రాయొచ్చు. అప్పీలుకు ఒక్క రూపాయి కూడా కట్టక్కరలేదు.