పరువు చాలదు, ఆధారము కావలెను

మన దేశమున హెచ్.ఐ.వి. తొలుత బయటపడినది 1986లో, మన రాజధానియగు మద్రాసులోనే. డాక్టరు సునీతి సోలమన్ శిష్యురాలగు డాక్టరు నిర్మల సేకరించిన రక్తములో ఆరుగురు స్త్రీలకు ఆ క్రిమి సోకినట్లు తేలినది. రక్తమిచ్చిన వారిలో పెక్కుమంది జామీను కట్టలేక నిర్బంధగృహములలో నుండిన పేదరాండ్రు. రోగమునకు వారే మూలమని లోకము నిందించినది. వారికి రోగమంటించిన పురుషులెవరని అడిగినవారు అరుదు.

ఇట్టి విషయము మన పత్రికకు తగునా యని పెద్దలు కొందరు సంకోచింపవచ్చును. తగునని మా అభిప్రాయము. మదురైలో తరతరములుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబములకు పరువు ప్రాణముతో సమానము. కాని భర్తను కోల్పోయిన కోడలికి పుట్టింట చోటు, అత్తింట ఆస్తి, చేతిలో చదువు లేనప్పుడు ఆ పరువు కూడు పెట్టునా? పని యిప్పింతునని వచ్చు దళారి అట్టి యింటినే వెదకికొనును. కోయంబత్తూరు, దిండుగల్ ప్రాంతముల నూలుమిల్లులలో 'సుమంగళి' పేరిట, పెండ్లి ఖర్చునకై ఆడపిల్లలను ఏండ్ల ఒడంబడికకు పంపిన కథ మనమెరిగినదే. కట్నమే ఆ పిల్లలను ఇల్లు దాటించినది.

నిరోధ్ వాడుమని గోడలపై వ్రాసినంతమాత్రమున చాలదు. తిండికి పరుని చేయి చూచు స్త్రీ అతనిని కాదనగలదా? గడప దాటని ఇల్లాలికి సయితము భర్త ద్వారా రోగము సోకుచున్నది. కావున నివారణకు మొదటి మెట్టు స్త్రీకి స్వంత ఆధారము.

ప్రభుత్వము చేయవలసినది కొంత చేసినది. కూతుండ్రకు పిత్రార్జితమున సమాన హక్కును తమిళనాడు 1989లోనే కల్పించినది. 2004 నుండి మందులు ఉచితము. మన ప్రభుత్వ రాజాజీ ఆసుపత్రిలో పరీక్షయు, చికిత్సయు లభించును. సకాలమున మందు వాడిన తల్లికి రోగము లేని బిడ్డ పుట్టుట సాధ్యము. రోగియను కారణమున ఉద్యోగమునుండి, బడినుండి వెడలగొట్టుట 2017 నాటి చట్టము ప్రకారము నిషిద్ధము.

మిగిలినది మన పని. కూతురి వాటాను కూతురికిత్తము. ఆడపిల్లను బడి మాన్పింపకుందము. దిక్కులేని ఆడపడుచునకు పింఛను, రేషను కార్డు వచ్చువరకు సంఘ సభ్యులు వెంట తిరుగవలెను. పరీక్షకు పోవు స్త్రీని వేలెత్తి చూపక, తోడుగా పోవలెను. చెడిన పిదప తలుపు మూయుటకంటె, చెడకముందే చేయూతనిచ్చుట పరువుగల వారి పని.