నింద వేసే ముందు లెక్క వేద్దాం

గ్యాస్ బండ ఎన్నాళ్ళొచ్చిందంటే ఠక్కున చెప్పేస్తాం. పాలవాడి లెక్క, ఇస్త్రీ పద్దు, చీటీ వాయిదా అన్నీ మనకి వేళ్ళ మీదే. అదే కారు లీటరుకి ఎంతిస్తోందని అడిగితే మాత్రం "ఏమో, ఆయన్నడగాలి" అంటాం. ఆయన్నడిగితే "ఇరవై ఇస్తుంది" అంటారు. ఎప్పుడు కొలిచారని మాత్రం అడక్కూడదు!

మా ఇంట్లోనూ అదే వరస. మాది ఖిల్లా ఘణపూర్. వనపర్తిలో ఆసుపత్రికైనా, మహబూబ్‌నగర్‌లో పెళ్ళికైనా మా పాత కారుని పక్కింటి అబ్బాయే నడుపుతాడు. ఈమధ్య పెట్రోల్ ఖర్చు బాగా పెరిగింది. "వాడే తీస్తుండు పో" అని తేల్చేసింది అత్తమ్మ. మావారు ఔననలేదు, కాదనలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ అనుమానమే. ఆ మాట ఆ అబ్బాయి చెవిన పడింది. తాళంచెవి తెచ్చి గడప మీద పెట్టి, "నేనట్లాంటోన్ని కాదక్కా" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు అతన్ని బతిమాలి పిలిపించి, లెక్క మొదలుపెట్టాను. ఇందులో బ్రహ్మవిద్యేం లేదు. బంకులో పంపు దానంతటదే ఆగేదాకా ట్యాంకు నింపించి, మీటర్లో కిలోమీటర్లు రాసుకోవాలి. మామూలుగా తిరిగాక మళ్ళీ అదే బంకులో అలాగే నింపించాలి. తిరిగిన కిలోమీటర్లని రెండోసారి పట్టిన లీటర్లతో భాగిస్తే అదే మైలేజీ. నాలుగైదు సార్లు చూస్తే ఇంకా నికరం.

అన్నాళ్ళూ తాళంచెవి నా కొంగునే ఉంది. ప్రతి ప్రయాణంలో నేనూ కూర్చున్నాను. 412 కిలోమీటర్లకి 27.5 లీటర్లు పట్టింది. అంటే లీటరుకి 15! నా కళ్ళముందే ఇంత తాగితే, ఇక దొంగ ఎవరు?

దొంగలు చాలామందే దొరికారు. టైర్లలో గాలి 33 ఉండాల్సింది 24 ఉంది. డిక్కీలో ఎప్పటిదో పల్లికాయ బస్తా. నెత్తిన ఖాళీ క్యారియర్, గాలికి ఎదురు. అత్తమ్మ డాక్టర్ని చూసొచ్చేదాకా ఏసీ వేసి ఇంజన్ ఆపకుండా కూర్చున్నదెవరు? సాక్షాత్తూ నేనే!

గాలి పట్టించాం, బరువు దింపాం, క్యారియర్ తీయించాం. ఆగినచోట ఇంజన్ ఆపాం. దూకుడు మాని, 50 దరిదాపుల్లో నడపమన్నాను. ఈసారి 396 కిలోమీటర్లకి 22 లీటర్లే. లీటరుకి 18! నెలకి 600 కిలోమీటర్లు తిరిగితే ఆరు లీటర్ల పైచిలుకు మిగులు. లీటరు వంద దాటిన ఈ రోజుల్లో అది ఆరొందల పైమాటే.

కంపెనీ చెప్పే అంకె ప్రయోగశాలలో కొలిచింది. మన ఊరి స్పీడ్ బ్రేకర్లూ, మలుపులూ దానికి తెలియవు. పైగా ఇప్పటి పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. లీటరుకి లీటరు చూస్తే పెట్రోల్ కంటే దాని శక్తి మూడోవంతు తక్కువ. పాత కార్లకి మైలేజీ ఆరేడు శాతం తగ్గొచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది. బంకు మీద అనుమానముంటే అయిదు లీటర్ల ముద్ర కొలతతో పోసి చూపమని అడిగే హక్కు మనకుంది. అడగడానికి మొహమాటమెందుకు?

ఇంత తేలిగ్గా తేలే విషయాన్ని కొలవకుండానే ఒక కష్టజీవి నెత్తిన దొంగతనం రుద్దబోయాం. డబ్బు పోతే ఏదో రకంగా కూడబెట్టుకుంటాం. పోయిన నమ్మకాన్ని ఏ బంకులో నింపిస్తాం? అత్తమ్మ ఇప్పటికీ ఒప్పుకోలేదు గానీ, ఆ అబ్బాయికి చాయ్ మాత్రం తనే స్వయంగా ఇస్తోంది.

పాల లెక్క రాసే పుస్తకంలోనే కారుకీ ఓ పేజీ కేటాయించండి. స్టీరింగ్ ఎవరి చేతిలో ఉన్నా, లెక్క మన చేతిలో ఉండాలి. ఏమంటారు?