చిలోయే చర్చిలను ఊరి చేతికే అప్పగించండి

చిలీ సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

యునెస్కో జాబితాలో ఉన్న మీ చిలోయే దీవుల 16 చెక్క చర్చిలు ఏ ఒక్క శిల్పి సొత్తూ కాదు. పడవలు కట్టే చేతులే వాటినీ కట్టాయి. అచావో చర్చిలో ఇనుప మేకులకు బదులు దూలాలను పట్టి ఉంచేది కొయ్య చీలలే. అక్కడి చర్చిలను చూసుకున్న జెసూట్ ఫాదర్లను 1767లో వెళ్లగొట్టాక గుడి బాధ్యత మోసింది ఊరివాడైన 'ఫిస్కల్'. పని పడితే ఇరుగుపొరుగు కలిసి చేసే 'మింగా' అక్కడి ఆచారం.

ఆ దీవుల్లో వానలు విపరీతం. చెక్క నానుతుంది, పుచ్చుతుంది, ఎప్పటికప్పుడు మార్చాల్సిందే. అందుకే ఒకసారి బాగుచేసి తాళం వేస్తే సరిపోదు. పని తెలిసినవాళ్లు ఊళ్లోనే ఉండాలి. పైకప్పు పెంకులకు వాడిన అలెర్సే చెట్టును బతికుండగా నరకడం 1976 నుంచి నిషేధం. అది సరైన నిర్ణయమే. కాకపోతే బదులు కలప ఏదో, ఎక్కడ పెంచాలో ఇప్పుడే తేల్చాలి.

మరమ్మతు నిధుల్లో ఒక వాటాను ఊరి వడ్రంగుల దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లకు జీతంగా ఇవ్వండి. టెండరు ఖరారు చేసేటప్పుడు ఫిస్కల్‌నూ కూర్చోబెట్టి అడగండి. పని జరిగే రోజుల్లోనూ ప్రార్థనలు ఆగకుండా చూడమని వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక తెలుగు పాఠకుడు